రేపు కల్హేర్ సంతకు పోకుండ్రి

ఏప్రిల్ నెలల సాయంత్రం ఐదు నలభైకి ఆ ఊర్లకు దిగిన. వీపు మీద ఇరవై రెండు కిలోలు: రేడియో సెట్టు, రెండు బ్యాటరీలు, కంబళి, మా అక్క కట్టిచ్చిన పల్లిపట్టీల డబ్బా. పట్టీలు కనుమ మీది చలికి రాళ్ళైనయ్. తర్వాత ఆరు నెలలు వాటితోని బంకర్ల మేకులు కొట్టినం.

ఊరి పేరు రాయను. రాయనని ఏదో కాగితం మీద సంతకం పెట్టిన. అండ్ల ఏముందో చదవలేదు, అందుకే దానికి ఇంకా భయపడుత.

లారీ కనుమ కాడనే ఆగింది. అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్ల దిగుడు, సగం వాన, సగం మంచు. కింద అరవై ఇండ్లు, రేకుల కప్పులు, తొమ్మిది దుకాణాలు, ఎనిమిదో తరగతి దాక బడి, నీళ్ళు తిప్పే పిండి మర. నడుమ నది. నలభై మీటర్ల వెడల్పు. ఇవతలి ఒడ్డు మనది, అవతలి ఒడ్డు ఇంకో దేశం. నలభై మీటర్లంటే మన ఖేడ్ బస్టాండ్ ఈ కొస నుంచి ఆ కొస దాక. ఆ కొసకు ఒకడు తుపాకి పట్టుకొని మీ దిక్కే చూస్తున్నడనుకోండ్రి. చాయ్ గొంతు దిగదు.

మా పోస్టు సుబేదార్ కొండల మనిషి, పొట్టోడు, మాట తక్కువ. నేను సెల్యూట్ కొట్టి నిలబడ్డ.

"నిలబడకు," అన్నడు.

అదే నాకు దొరికిన మొదటి ఆర్డర్. తర్వాత తెలిసింది, నది దిక్కున్న ఆ పోస్టు గోడ కాడ ఎవ్వరు నిలబడరని. నాకంటే ముందు ఆపరేటర్ నిలబడ్డడట. అందుకే ఉద్యోగం ఖాళీ అయ్యింది.

ఆ ఊరి భయం గోడలల్లనే కనబడుతుండె. నది దిక్కు ఒక్క ఇంటికి కిటికీ లేదు. పొద్దుగూకితే ఆ దిక్కు దీపం పెట్టరు. బర్రెలు గూడ గోడ నీడకే నడుస్తయ్, ఎవ్వరు నేర్పిన్రో తెల్వదు. సగం ఊరి చుట్టాలు అవతలి ఒడ్డున ఉన్నరు. శుక్రవారం పగటీలి రెండు దిక్కులోళ్ళు ఒడ్డుకొస్తరు. రెండు దిక్కుల సిపాయిలు అప్పుడు అటు చూడనట్టు చూస్తరు. నది మోతకు మాట వినబడదు, అంత చేతులతోనే. బిడ్డ పుడితే ఊయల ఊపినట్టు ఊపుతరు. మనిషి పోతే అరచెయ్యి నెత్తి మీద పెట్టుకుంటరు. మొదటి శుక్రవారం చూసి, ఊరంత కలిసి కసరత్ చేస్తుండ్రనుకున్న. నెత్తి మీద చెయ్యి పెట్టుకున్న ముసలామెను చూసి నవ్విన. మా వంటాయన నా ముఖం దిక్కు చూసిండు. ఆ రాత్రి నాకు పప్పుల నీళ్ళే వచ్చినయ్.

పని ఇది. మాకు పైన, రెండు కిలోమీటర్ల ఎక్కుడుల, ఇంకో పోస్టు ఉండె. పదకొండు మంది. వాళ్ళకు పిండి, కిరోసిన్, బ్యాటరీలు గుర్రాల మీద పోవాలె. గుర్రాలు ఆ ఊరాయనవే, నాలుగు. తోవల మూడు వందల మీటర్ల మలుపు ఒకటుంది. ఒక దిక్కు కొండ, ఒక దిక్కు నది, దాసుకునేటందుకు చెట్టు లేదు, రాయి లేదు. గుర్రాలు అక్కడ పొద్దున ఐదున్నరకే దాటాలె. అప్పుడు నది మీద మబ్బు పరుచుకొని ఉంటది. ఏ రోజు దాటుతయో ప్రతిసారి మార్చాలె, ఎవ్వరికి తెల్వొద్దు. ఆ కబురు పైకి, కిందికి చెప్పేది నేను, పై పోస్టు ఆపరేటర్.

ఆ పై ఆపరేటర్ ఔరాదోడు. మా ఖేడ్ల పొద్దుగాల్ల సైకిల్ తీస్తే పగటీలికి వాళ్ళ ఊర్ల ఉంటం. నడుమ రాష్ట్రం మారుతది గాని జొన్నచేను మారదు. మొదటి రోజు రేడియోల వాని యాస విని, "ఏ ఊరు రా నీది?" అన్న. దేశం ఈ కొసకొచ్చి మా పక్కూరోడు దొరికిండు. ఇద్దరం ఏడ్వలేదు. తిట్టుకున్నం. అదే సంతోషం.

కబురు చెప్పేటందుకు సర్కారు ఇచ్చిన కోడ్ కాగితం ఒకటుంటది. రోజుకొకటి మారుతది. నాలుగు మాటల కబురుకు ఇరవై నిమిషాలు పడుతది, చలికి పెన్సిల్ పట్టరాదు. రెండో వారం ఔరాదోడే అన్నడు.

"అన్నా, నీనూ నేనూ మాట్లాడేది ఈ కొండలల్ల ఎవ్వనికి అర్థమైతది? ఇదే కోడ్."

"హౌదప్పా," అన్న. నాకు తెలిసిన కన్నడం ఆడికే.

అట్ల మొదలైంది. గుర్రాల గుంపు పేరు కల్హేర్ సంత. ఖుల్లా మలుపు పేరు బోరంచ పోచమ్మ గుడి. మొదటి బస్సు అంటే ఐదున్నర. "రేపు కల్హేర్ సంత, మొదటి బస్సు, పోచమ్మకు మొక్కి రా" అంటే పని ఖతం. ఆరు సెకండ్లు. మిగిలిన టైం వాళ్ళ ఊరి జాతర, మా ఊరి సినిమా టాకీసు, జొన్నరొట్టె మీద ఏ తొక్కు మంచిగుంటది, ఇవి. మేము మస్తు తెలివిగల్లోళ్ళమని మా ఇద్దరికి గట్టి నమ్మకం ఉండె. మమ్మల్ని ఇంకెవ్వరు నమ్మలేదు గన్క, మేమే నమ్ముకున్నం.

జులైల ఒక సంత నాడు మలుపు కాడ మెషిన్‌గన్ పేలింది. పై పోస్టుకు పోతున్న మందులాయనకు తొడల గుండు దిగింది. జోలెల మోసి దవాఖానకు పంపినం. బతికిండు. నసీబు బాగలేదు అనుకున్నం, మబ్బు జల్దీ లేచిందనుకున్నం. ఏమేమో అనుకున్నం, ఒక్కటి తప్ప.

మూడు వారాలకు ఔరాదోనికి పన్ను నొప్పి లేచింది. పైన మందులాయన లేడు, మా దగ్గర దంతాలు పీకెటాయన ఒకడుండె. ఆ పొద్దున పైకి ఎక్కిన గుర్రాలతోని తెల్లారి వాడు కిందికి దిగాలె. సాయంత్రం నాలుగు గంటల సమయంల రేడియోల వచ్చిండు. మాట ముద్దముద్దగ వస్తుండె.

"అన్నా, రేపు కల్హేర్ సంతకు నేను గూడ వస్తున్న. మొదటి బస్సు."

"నోరు మూసుకొని రా, పోచమ్మ భయపడుతది."

"మూస్తనే నొస్తుంది," అని సెట్టు బందు పెట్టిండు. వాళ్ళ బ్యాటరీ నీరసమైంది, మళ్ళ పొద్దున ఆరున్నరకే తెరుస్తడు. టెలిఫోన్ తీగ కొండ జారి మూడు రోజులైంది.

నేను చెవి మీది డబ్బా తియ్యబోయిన. నాలుగూ పది. ఇంకో గొంతు వచ్చింది. మెల్లగ, మంచిగ, పక్క కుర్సీల కూసున్నట్టు.

"భాయ్, ఒక మాట. జొన్నరొట్టెకు పిండిల ఉడుకు నీళ్ళు పోస్తరా, సల్ల నీళ్ళా? మా దాదీ ఉడుకు నీళ్ళే అంటుండె. ఇక్కడ ఎవ్వరు నమ్మరు."

తెలుగు. మన తెలుగే. జెర ఉర్దూ వాసన, మన జహీరాబాద్ దిక్కు మాట్లాడినట్టు. సెట్టు మీది ముల్లు చూసిన, మా ఇద్దరి చానెల్ మీదనే ఉంది.

"రేపు కల్హేర్ సంతకు పోకుండ్రి," అన్నడు. "పోచమ్మ గుడి కాడ గాలి మంచిగ లేదు. మొదటి బస్సుకు అస్సలు పోకుండ్రి."

టక్కున బందైంది.

చాల సేపు అట్లనే కూసున్న. చాల సేపంటే గడియారం చూసిన, రెండు నిమిషాలు. నలభై ఏండ్ల కింద మన దిక్కు నుంచి మూటలు కట్టుకొని ఆ దేశానికి పోయిన కుటుంబాలు ఉన్నయని చిన్నప్పుడు విన్న. ఆ మూటలల్ల ఒక దాదీ పోయింది. ఆమె మనుమడు అవతలి బంకర్ల చెవికి డబ్బా పెట్టుకొని నాలుగు నెలల నుంచి మా కోడ్ వింటుండు. దేశం మొత్తంల ఎవ్వనికి తెల్వని భాష అనుకున్నం. ఎవ్వనికి తెల్వొద్దో వానికే తెలిసింది.

అప్పుడు మందులాయన తొడ యాదికొచ్చింది.

చెప్పకుంట ఉండొచ్చు. ఆ ఆలోచన గూడ వచ్చింది, అబద్ధం ఎందుకు. చెప్తే కోర్టు, జైలు, ఖేడ్ల మా నాయిన ముఖం. చెప్పకపోతే పొద్దున ఐదున్నరకు గుర్రాలాయన, కాపలాకు ఇద్దరు, బుగ్గ వాచిన ఔరాదోడు. సుబేదార్ గడ్డం గీసుకుంటుంటే పోయి అంత చెప్పిన. కత్తి ఆపలేదు.

"ఎన్ని నెలలు?"

"నాలుగు, సాబ్."

"మందులాయన?"

"అది గూడ మా వల్లనే అయ్యుంటది, సాబ్."

అప్పుడు కత్తి ఆపిండు. సగం గడ్డం సబ్బు. వేరే రోజైతే నవ్వొచ్చేది.

"వాడు నిజం చెప్తున్నడా, ఉరి పన్నుతున్నడా?"

"తెల్వదు, సాబ్."

"నాకు గూడ తెల్వదు. కబురు పైకి పోవాలె. పోయేటోన్ని మలుపు కాడ కొట్టాలెనని గూడ కావచ్చు." ముఖం తుడుచుకున్నడు. "నమ్మకపోతే నలుగురు. నమ్మితే ఒక్కడు."

ఆ ఒక్కడు ఎవ్వడో నేను అడగలేదు. ఆయనే చెప్పిండు. "నీ భాష, నువ్వే మోసుకపో."

ఏడున్నరకు బయలెల్లిన. చీకటి కాదు, వెలుగు కాదు. బూట్లు ఇప్పి బట్ట షూస్ వేసుకున్న. చప్పుడైతదని నీళ్ళ సీసా, గిన్నె, బెల్టు అంత ఇడిచిపెట్టిన. వంటాయన ఒక రొట్టె జేబుల పెట్టిండు.

"ఆకలి లేదు," అన్న.

"తినెటందుకు కాదు. మళ్ళొచ్చి బాగలేదని చెప్పెటందుకు," అన్నడు.

మలుపు కాడికి వచ్చెటాలకు ఏడు యాభై రెండు. కొండ గోడకు వీపు ఆనించి, పక్కపక్కకు, పీతలాగ. నది మోత ఎంతంటే, నన్ను కాల్చినా నాకు వినబడదు. అది మేలే అనుకున్న. అడుగులు లెక్కపెట్టిన. మా నాయిన కల్లంల జొన్నలు కొలిచేటప్పుడు ఒకటి అనడు, లాభం అంటడు. నేను గూడ లాభం అన్న, రెండు, మూడు. లాభం ఎవ్వరికో తెల్వదు.

నూట పన్నెండు కాడ కూసున్న. చేతులు నేల మీద ఆనించి పాకిన. నా జిందగీల నేను చేసిన వీరపనులు ఎవ్వరన్న అడిగితే ఇది చెప్పను.

రెండు వందల పన్నెండు కాడ చూసిన. అవతలి ఒడ్డు మీద ఒక మనిషి. సన్నగ, బనీను మీద కంబళి, చేతిల రేకు బక్కెట్. నీళ్ళకొచ్చిండు. అరవై మీటర్లు ఉంటదేమో. నా దిక్కే చూస్తుండు. నేను రాయి అనుకోవాలెనని రాయి లెక్క ఉన్న. ఆ మలుపుల రాయే లేదని తర్వాత యాదికొచ్చింది.

బక్కెట్ కింద పెట్టిండు. రెండు చేతులు ఎదురుగ తెచ్చి, అరచేతులు మెల్లగ ఒకదాని మీద ఒకటి తట్టిండు. ఇటు తిప్పి, అటు తిప్పి. తట్టి, తిప్పి. రొట్టె తట్టుతుండు.

నాకు నది లేదు, కొండ లేదు. పొయ్యి కాడ మా అక్క చేతులు ఎట్లుంటయో అట్లనే.

వాడు ఆగి, చూసిండు. జవాబు కోసమని ఇప్పుడు తెలుస్తుంది. ఉడుకు నీళ్ళా, సల్ల నీళ్ళా. ఆ ఊర్ల ముసలామెకు గూడ చేతులతోని మాట్లాడొస్తది. నేను చెయ్యి ఎత్తలేదు. రెండు చేతులు నేలను గట్టిగ పట్టుకొని ఉన్నయ్, ఇడిస్తే నేల పోతదన్నట్టు. వాడు బక్కెట్ తీసుకొని పోయిండు. నేను మిగిలిన అడుగులు లెక్క తప్పిన.

పైకి చేరెటాలకు తొమ్మిదిన్నర. ఔరాదోడు బుగ్గకు మఫ్లర్ కట్టుకొని ఉండె. అంత విన్నడు.

"మన కోడ్?" అన్నడు.

"వానికి మనకంటే మంచిగొస్తది."

"మరి పన్ను?"

"గుంజుకో."

నవ్వలేదు. మఫ్లర్ ఇప్పి మళ్ళ కట్టుకొని, "మందులాయన," అన్నడు. అంతే. ఆ రాత్రి ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. నాలుగు నెలలు నోరు మూయనోళ్ళం.

గుర్రాలాయనకు, కాపలా ఇద్దరికి చెప్పినం: రేపు దిగుడు లేదు. మూడు గుర్రాలు గుంజలకు కట్టిండు. నాలుగోదాన్ని ఎప్పుడు కట్టడు. ఎర్రది, ముసల్ది, పేరు రాణి. పన్నెండేండ్ల నుంచి ఆ తోవల నడుస్తుంది. వీపు మీది సామాను దించిన తెల్లారి ఏ గంటకు తిరగాలెనో దానికే తెలుసు, ఆయనే దాని ఎనుక పోతడు.

ఐదుకు లేచి చూసెటాలకు రాణి లేదు. నిన్నటి ఉత్త గోతాలు వీపు మీదనే ఉండె, మెడల గంటకు చప్పుడు రాకుంట బట్ట చుట్టి ఉండె, అందుకే పోయింది ఎవ్వరికి వినబడలేదు. తన డ్యూటీకి తాను పోయింది. గుర్రాలాయన పరిగెత్తిండు. కాపలా ఇద్దరు ఆయనను పట్టుకొని కింద పడేసిన్రు. ముగ్గురు మట్టిల కొట్లాడుకుంటుంటే కింద మబ్బు తెల్లగ, పాలపొంగు లెక్క పరుచుకొని ఉంది.

ఐదు ముప్పై నాలుగు. మబ్బుల మెషిన్‌గన్ పేలింది. అవతలి ఒడ్డున రెండు జాగల నుంచి. ఆగి, మళ్ళ. ఒక్క గుర్రానికి అంత అవసరం లేదు. నలుగురికి లెక్క కట్టి పెట్టుకున్నరు.

తర్వాత మన పోస్టు జవాబిచ్చింది, వాళ్ళు ఇచ్చిన్రు, ఎనిమిది దాక. ఒక గుండు మా బంకర్ మూల మీద పడ్డది. నా ఎడమ చెవి అప్పటి నుంచి సర్కారు దగ్గరనే ఉంది, నేను మళ్ళ అడగలేదు.

చప్పుడు ఆగినంక గుర్రాలాయన నా కాడికొచ్చి కూసున్నడు. గడ్డం నిండ మట్టి. కొడుతడనుకున్న.

"అందరికి చెప్పినవ్," అన్నడు. "దానికెవ్వరు చెప్పాలె?"

జోకు ఏదన్న ఉంటదేమో అని ఎతికిన. ఆ రోజు దొరకలేదు.

నాకు ఇరవై ఎనిమిది రోజుల శిక్ష పడ్డది, నది దిక్కు సంచులల్ల ఇసుక నింపుడు. ఔరాదోనికి గూడ అంతే, పన్ను పీకినంక. ఇద్దరం పక్కపక్కన నింపినం. రాణి పైసలు సుబేదార్ సర్కారు నుంచి ఇప్పిచ్చిండు. గుర్రాలాయన ఇంకో గుర్రం కొన్నడు, దాన్ని గట్టిగ కట్టి పెడుతుండె. ఆ గొంతు మళ్ళ రేడియోల రాలేదు. నేను కోడ్ కాగితం మీదనే పని చేసిన, నాలుగు మాటలకు ఇరవై నిమిషాలు. ప్రతిసారి సెట్టు బందు పెట్టేముందు ఒక్క నిమిషం ఖాళీగ విన్న. ఉత్త గరగర.

ఇసుక నింపిన మొదటి రోజు, సంచి సందుల నుంచి అవతలి ఒడ్డు చూసిన. నీళ్ళకు ఆ సన్నటోడు కాదు, వేరేటోడు వస్తుండు, లావుగ, చేతిల ప్లాస్టిక్ డబ్బా. వానికి పది అడుగుల దూరంల, నీళ్ళ అంచుకు, అదే రేకు బక్కెట్ పడుకొని ఉంది. ఎవ్వరో చేతిల నుంచి ఇడిచిపెట్టినట్టు, ఒక పక్కకు ఒరిగి. లావాయన దాని పక్కకెల్లి పోతడు, వస్తడు, ముట్టడు. ఆ శుక్రవారం అవతల నిలబడ్డ ఊరోళ్ళు గూడ ముట్టలేదు. వాళ్ళల్ల ఒకామె మన దిక్కు చూసి, అరచెయ్యి నెత్తి మీద పెట్టుకుంది. ఆమె ఇంట్ల ఎవ్వరు పోయిన్రో, ఎవ్వరి కోసమో, నాకు తెల్వదు. అడిగెటందుకు చేతుల భాష సరిగ నేర్చుకోలేదు.

నవంబర్ల నన్ను కిందికి పంపిన్రు. చెవి పని చేస్తలేదని కాగితం రాసి, తర్వాత ఇంటికే పంపిన్రు. నేను కనుమ ఎక్కేనాడు గూడ బక్కెట్ ఉంది, మీద పల్చగ మంచు.

సికింద్రాబాద్ల రైలు దిగి, ఖేడ్ బస్సు ఎక్కి వచ్చిన. ఇక్కడ అందరు ఒక్కటే అడుగుతరు, ఎంతమందిని చంపినవని. ఒక గుర్రాన్ని అంట. నవ్వుతరు. నేను గూడ నవ్వుత, అలవాటు గదా.

మా అక్క రొట్టెలు చేసేటప్పుడు పొయ్యి కాడ కూసుంట. పిండిల గుంత చేసి, చెంబుల నుంచి నీళ్ళు వంచుతది. ఆవిరి లేస్తది. చేతులు తట్టుడు మొదలైతది. ఉడుకు నీళ్ళే, అంట. మెల్లగ, వినబడని ఎడమ చెవి దిక్కు తిరిగి.

"ఏందిరా?" అంటది అక్క.

"ఏం లేదు," అంట. రొట్టె పొంగుతది. నాకు మాత్రం నీళ్ళ అంచుకు ఒరిగిన బక్కెటే కనబడుతది, నోరు నది దిక్కు, అండ్ల నీళ్ళు లేవు.